అక్కా తమ్ముడూ, కొత్త ఇల్లూ

శిశుగృహ నుంచి విదేశీ దంపతులు పిల్లల్ని దత్తత తీసుకువెళ్లారన్న వార్త మన జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటే ఇస్తున్నారు కనుక ఫొటోలో కలెక్టరూ ఉంటారు. వెళ్లేది పసిబిడ్డ కాక ఎనిమిదేళ్ల అక్కా, అయిదేళ్ల తమ్ముడూ అయితే చదివినవాళ్లందరిదీ ఒకటే మాట: అదృష్టవంతులు. ఆ తర్వాత ఇటలీలోనో, స్పెయిన్‌లోనో, అమెరికాలోనో ఆ ఇంట్లో ఏం జరుగుతుందన్నది మన పేజీల్లోకి రాదు.

ఇలాంటి పిల్లలే ఎందుకు ఎక్కువగా విదేశాలకు వెళ్తారు? మన దంపతుల్లో చాలామంది అడిగేది రెండేళ్లలోపు బిడ్డను, అదీ ఒక్కరిని. కాస్త ఎదిగినవాళ్లు, తోబుట్టువులు, ఆరోగ్య సమస్యలున్నవాళ్లు మిగిలిపోతారు. మన పాత చట్టం ధోరణీ అదే. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం కొడుకున్నవారు మరో కొడుకును దత్తత తీసుకోకూడదు. అంటే ఇద్దరు అన్నదమ్ములు ఆ చట్టం కింద ఒకే ఇంటికి చేరలేరు. వంశం నిలబెట్టడానికి రాసిన చట్టంలో అన్నదమ్ముల బంధానికి చోటెక్కడిది? బాలల న్యాయ చట్టం వచ్చాకే ఆ అడ్డు తొలగింది.

ఇద్దరు పిల్లలు వచ్చారని ఆ దంపతులు అనుకుంటారు. నిజానికి వచ్చింది ఒక చిన్న సంసారం. దానికి పెద్దదిక్కు ఆ అక్కే. తమ్ముడికి జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్నదీ, ఎవరైనా కొట్టబోతే అడ్డుపడిందీ, తన పళ్లెంలోది వాడి పళ్లెంలో వేసిందీ ఆమే. కొత్తమ్మ వాడికి ఏదైనా పెడితే ముందు తాను రుచి చూసి అప్పుడు తలూపుతుంది. వాడు పడి మోకాలు కొట్టుకుంటే చేతులు చాచిన అమ్మను దాటుకుని అక్క ఒళ్లోకి దూరతాడు. ఎంత మంచి మనసున్న తల్లికైనా ఇది గుచ్చుకుంటుంది. ‘వాణ్ణి నేను చూసుకుంటాను, నువ్వు వెళ్లి ఆడుకో’ అంటుంది. ఆమె ఉద్దేశం మంచిదే. ఆ పిల్లకు మాత్రం అది ఉద్యోగం ఊడిందన్న కబురులా వినిపిస్తుంది. తెలివైన తల్లి ఆ పని లాక్కోదు, అందులో వాటా అడుగుతుంది. వాడు ఎలా నిద్రపోతాడో, దేనికి భయపడతాడో అక్కనే అడిగి నేర్చుకుంటుంది. అమ్మ అనిపించుకోవడానికి ముందు, ఎనిమిదేళ్ల పిల్లకు సాయంగా ఉండటానికి ఒప్పుకోవాలి. చెప్పినంత తేలిక కాదిది. ఆ ఇంట్లో ముందునుంచే పిల్లలుంటే చిక్కులు మరికొన్ని. నిన్నటిదాకా పెద్దదైన అమ్మాయి ఒక్కరోజులో నడిమిది అవుతుంది. ఆ అలకనూ ఎవరో ఒకరు వినాలి.

మొదటి వారాల్లో పిల్లలు మరీ బుద్ధిగా ఉంటారు. చుట్టాలింటికి వచ్చినవాళ్ల మర్యాద అది. తర్వాత దిండు కింద బ్రెడ్డు ముక్కలు దొరుకుతాయి. ఫ్రిజ్ నిండా తిండి ఉండగా ఇదేమిటని అడిగితే జవాబుండదు. అలమరకు తాళం వేయకుండా, పిల్లలకు అందేచోట ఎప్పుడూ పళ్లు ఉంచమంటారు ఈ రంగంలో అనుభవమున్నవాళ్లు. ఆపైన అరుపులు, అబద్ధాలు మొదలవుతాయి. వీళ్లు మమ్మల్ని పంపెయ్యరన్న నమ్మకం కాస్త కుదిరాకే, పంపేస్తారేమో చూద్దామన్న పరీక్ష పెడతారు పిల్లలు.

ఆ పరీక్షలో ఓడిన పెద్దలూ ఉన్నారు. 2010 ఏప్రిల్‌లో అమెరికాలోని టెనెసీకి చెందిన ఒక తల్లి, తాను దత్తత తీసుకున్న ఏడేళ్ల రష్యన్ బాలుణ్ణి చీటీ రాసిచ్చి ఒంటరిగా మాస్కోకు విమానంలో తిప్పి పంపింది. రెండు దేశాల్లోనూ జనం ఆమెను తిట్టిపోశారు. తిట్టడం సరే, ఎదిగిన పిల్లల పెంపకానికి ఆమెలాంటివారిని ఎవరు ఎంత సిద్ధం చేశారన్న ప్రశ్న మిగిలే ఉంది. రుమేనియా అనాథాశ్రమాల నుంచి 1990ల మొదట్లో బ్రిటన్‌కు వెళ్లిన పిల్లలను మనోవైద్యుడు మైకేల్ రట్టర్ బృందం పెద్దవాళ్లయ్యేదాకా గమనించింది. ఆరు నెలల వయసులోపే బయటపడ్డవారు మిగతా పిల్లల్లాగే ఎదిగారు. అంతకంటే ఎక్కువకాలం అక్కడ మగ్గినవారిలో చాలామందిని ఇబ్బందులు యౌవనం దాకా వెంటాడాయి. అయితే వారిలోనూ దాదాపు అయిదో వంతు మంది ఏ ఇబ్బందీ లేకుండా ఎదిగారు. ప్రేమ ఉంటే చాలు అనేవారూ, ఇక లాభం లేదు అనేవారూ ఇద్దరూ ఈ లెక్క చూడాలి. మన నిబంధనల ప్రకారం విదేశానికి వెళ్లిన పిల్లల బాగోగులపై రెండేళ్లపాటు నివేదికలు రావాలి. తర్వాత ఫైలు మూతపడుతుంది. పదమూడేళ్లొచ్చాక తలెత్తే గొడవలు ఆ ఫైలుకు తెలియవు.

అన్నిటికంటే చప్పుడు లేకుండా పోయేది భాష. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసులో కొరియా నుంచి ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లి, పెద్దవాళ్లయిన కొందరిని పరిశోధకులు పరీక్షించారు. 2003లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం కొరియన్ మాటలను వాళ్లు ఎన్నడూ వినని వేరే భాషల నుంచి వేరు చేయలేకపోయారు. ఎనిమిదేళ్లు ఆడిన భాష కూడా అంతగా మాసిపోతుందా అనిపిస్తుంది. తోబుట్టువులుగా వెళ్లినవారికి ఒక మేలుంది, మాట్లాడుకోవడానికి ఇంకొకరున్నారు. కానీ ఇద్దరూ మూల చేరి గుసగుసలాడితే తమ గురించే ఏదో అనుకుంటున్నారని పెద్దలకు అనుమానం. ఇంట్లో ఇంగ్లిషో ఇటాలియనో మాత్రమే మాట్లాడాలని ఆంక్ష పెట్టే ఇళ్లూ ఉన్నాయి. తమ్ముడు ముందు మరిచిపోతాడు. అక్కకు బదులు చెప్పేవారుండరు.

విదేశీ దత్తతల దారి ఇరుకవుతోంది. అమెరికాకు 2004లో సుమారు 23 వేల మంది పిల్లలు దత్తత వెళ్తే, 2023లో 1,300 మంది కూడా వెళ్లలేదు. చైనా 2024లో దాదాపు పూర్తిగా ఆపేసింది. తప్పుడు కాగితాలతో పిల్లల్ని పంపిన పాపాన్ని దక్షిణ కొరియా ఇప్పుడు తవ్వుకుంటోంది. మనమూ తక్కువ తినలేదు. తెలంగాణ తండాల ఆడశిశువులను కొని దత్తత పేరిట అమ్మిన కుంభకోణాలు 1999లో, 2001లో ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపేశాయి. అప్పుడు వెళ్లిన పిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటినవారు. తమ మూలాలు అడిగే హక్కు పద్దెనిమిదేళ్లు నిండినవారికి నిబంధనల్లోనే ఉంది. అడిగితే చెప్పడానికి మన దగ్గర రాసిపెట్టి ఉండాలి కదా!

కాబట్టి శిశుగృహల వారికి ఒక విన్నపం. పిల్లల వెంట పంపే కాగితాల్లో బరువు, ఎత్తు, టీకాలతో పాటు మరికొన్ని వివరాలు చేర్చండి. ఏ కూర ఇష్టం, ఏ పాటకు నిద్రపోతారు, ఏ ఆయా దగ్గర చేరికెక్కువ, అక్క తమ్ముణ్ణి ఏమని పిలుస్తుంది, ఇవన్నీ రాయండి. ఆయాల గొంతుతో నాలుగు మాటలు తెలుగులో రికార్డు చేసి ఇవ్వండి. దత్తత కోసం పేరు నమోదు చేసుకుంటున్న మన దంపతులకూ ఒక మాట. పసిబిడ్డ కోసం ఏళ్లూపూళ్లూ ఎదురుచూసే ముందు, చేయీ చేయీ పట్టుకుని కలిసి ఎదురుచూస్తున్న ఇద్దరి వివరాలు కూడా ఒకసారి చూడండి.