పొలం మనదే, భూమి దేవునిది

చలికాలం వచ్చిందంటే కొల్లేటికి దూరదేశాల పక్షులొస్తాయి. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాయి. ఏది సర్కారు భూమో, ఏది జిరాయితీ భూమో వాటికి తెలియదు. ఆ తేడా తెలిసిన మనకే ఇన్నేళ్లుగా తగవు తెగలేదు.

బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను తనలో నింపుకొని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి పంపే సరస్సు కొల్లేరు. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు దక్కింది. అప్పటికే సరస్సులో చాలా భాగం చేపల చెరువుల పాలైంది. 2006లో వాటి గట్లు తెగ్గొట్టారు. అక్రమంగా తవ్విన చెరువులు పోవడం న్యాయమే. కానీ ఆ హద్దులోపల తాతల నాటి పట్టా ఉన్న రైతులూ ఉన్నారు. వారి పరిహారం మాట ఏళ్ల తరబడి నలిగింది.

ఇలాంటి చోట వాక్యం ఎవరి పక్షాన నిలుస్తుంది? అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను కోరాడు. పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనన్నందుకు నాబోతు ప్రాణమే పోయింది. దేవుడు ఏలీయాను పంపి రాజును నిలదీశాడు (1 రాజులు 21). పేదవాని పొలం మీద చెయ్యి వేసేముందు ప్రభుత్వం ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే భూమి తనదని, మనం అందులో పరదేశులమేనని చెప్పినవాడూ ఆ దేవుడే (లేవీ 25:23). పక్షి గూడు కనబడితే పిల్లలను తీసుకున్నా తల్లిని విడిచిపెట్టమన్నాడు (ద్వితీ 22:6,7). ఫలం తినవచ్చు గానీ ఫలమిచ్చే మూలాన్ని చంపకూడదు. ఆ ఆజ్ఞ రాజుకు మాత్రమే కాదు, దారిన పోయే ప్రతివానికీ ఇచ్చాడు.

ఈ రెండు సత్యాలూ కలిసి నడిచే దారి ఉంది. అమెరికాలో 1990 వ్యవసాయ చట్టం కింద రైతు భూమిని తన పేరనే ఉంచుకుని, అక్కడ సాగు చేసే హక్కును ప్రభుత్వానికి అమ్ముకునే వీలు కలిగింది. ప్రభుత్వం డబ్బిచ్చి, ఎండగొట్టిన మడుగులకు మళ్లీ నీరు తెచ్చింది. అలా 20 లక్షల ఎకరాలకు పైగా ఆ పథకంలో చేరాయి. మన దేశంలోనూ అభయారణ్యాల వెలుపల, తమ సొంత భూమిలో వన్యప్రాణులను కాపాడతామని ముందుకొచ్చేవారి కోసం ‘కమ్యూనిటీ రిజర్వు’ను 2002 చట్ట సవరణ తెచ్చింది. 2022 సవరణ ఆ భూ యజమానికి నిర్వహణ సంఘంలో చోటిచ్చింది.

మన సంఘాల్లో చెరువుల యజమానులున్నారు, వలలు వేసేవారున్నారు, కార్యాలయాల్లో సంతకాలు పెట్టేవారూ ఉన్నారు. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచే మనం ఒకే గట్టు మీద కూర్చుని మాట్లాడుకోలేమా? యజమాని కొంత లాభం వదులుకోవాలి. అధికారి ఇస్తానన్న పరిహారం వేళకు ఇవ్వాలి. సేవకులమైన మా తప్పు కూడా ఉంది. కృతజ్ఞతార్పణ తెచ్చిన విశ్వాసిని ఆ రాబడి ఏ నీటిలోనుంచి వచ్చిందని మేమెన్నడూ అడగలేదు. దశమభాగం గురించి బోధించే నోటితోనే గట్టు ఎక్కడ వేశావని కూడా అడగాలి. ప్రభువు లెక్క అడిగే రోజున పట్టా చూపడం ఒక్కటే చాలదు, ఆ నేలను ఎలా కాపాడామో కూడా చెప్పాలి.