జాబితాలో పేరుంటేనే తలుపు తడతారు: బ్రిటన్ ఎన్నికల్లో మనవాళ్ల ఓటు లెక్క

2024 జులై 4న జరిగిన బ్రిటన్ సార్వత్రిక ఎన్నికల్లో ఉత్తర లండన్‌లోని హెండన్ సీటు లేబర్ పార్టీకి దక్కింది. మెజారిటీ 15 ఓట్లు. దక్షిణ తీరంలోని పూల్‌లో అదే పార్టీ 18 ఓట్లతో గెలిచింది. ఎసెక్స్‌లోని బాసిల్డన్ అండ్ బిల్లెరికేలో కన్జర్వేటివ్ అభ్యర్థి 20 ఓట్లతో గట్టెక్కారు. మన విద్యార్థులు షేరింగ్‌లో ఉండే రెండు మూడు ఇళ్లలోని జనం ఎంతమందో, ఈ మెజారిటీలూ అంతే.

ఆ రోజు దేశమంతటా పోలైంది 59.7 శాతం. 2001 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. అదే ఏడాది మే 13న ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతానికి పైగా ఓటేశారు. ఆ ఒక్క ఓటు కోసం వేలకు వేలు పోసి టికెట్లు కొని సొంతూరికి ఎగిరి వెళ్లిన ఎన్ఆర్ఐలు ఉన్నారు. తప్పు పట్టాల్సిందేమీ లేదు, అది అభిమానం. కానీ ఏడు వారాల తర్వాత, తాము ఉంటున్న వీధి చివర్లోనే పోలింగ్ కేంద్రం తెరిస్తే, బ్రిటన్‌లోని మనవాళ్లలో ఎంతమంది అక్కడిదాకా నడిచి వెళ్లారు?

పాస్‌పోర్టు ఇండియాదే అయినా ఓటుంది

చాలామందికి తెలియని విషయం ఇదే. బ్రిటన్‌లో ఓటు వేయడానికి బ్రిటిష్ పౌరసత్వం తప్పనిసరి కాదు. 18 ఏళ్లు నిండి, ఆ దేశంలో నివాసం ఉంటూ, చెల్లుబాటయ్యే వీసా ఉన్న కామన్వెల్త్ దేశాల పౌరులందరూ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. భారత్ కామన్వెల్త్ దేశమే. అంటే స్టూడెంట్ వీసా మీద మాస్టర్స్ చేస్తున్న కుర్రాడికీ, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న ఐటీ ఉద్యోగికీ, డిపెండెంట్‌గా వెళ్లిన భార్యకో భర్తకో కూడా ఓటుంది. మనుమల్ని చూడ్డానికి కొన్ని నెలల కోసం వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం ఉండదు. వాళ్లు అక్కడ నివాసం ఉంటున్నట్టు కాదు కదా.

సామ్రాజ్యం ఉన్న రోజుల్లో అందరూ బ్రిటిష్ ప్రజలే అన్న లెక్క నుంచి మిగిలిపోయిన హక్కు ఇది. అమెరికాలో గ్రీన్ కార్డు ఉన్నా అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. పౌరులు కానివాళ్లు వేస్తే నేరం కూడా. అక్కడి బంధువుల మాటలు విని, ఇక్కడా అంతే అనుకునేవాళ్లు ఎక్కువ. 'వీసాకు ఇబ్బంది అవుతుందేమో' అన్న భయం ఇంకొకటి. చట్టం ఇచ్చిన హక్కును చట్టప్రకారం వాడుకుంటే వీసాకు ఏ ఇబ్బందీ రాదు.

నిర్ణయాలు పడేది మన నెత్తినే

'ఎవరు గెలిస్తే మనకేంటి' అనే మాటకు గత రెండేళ్ల చరిత్రే సమాధానం. 2024 జనవరి నుంచి, రీసెర్చ్ కోర్సులు మినహా, విద్యార్థులు డిపెండెంట్లను తెచ్చుకునే వీలు పోయింది. మార్చిలో కేర్ వర్కర్లకూ అదే నిబంధన వచ్చింది. ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస జీతాన్ని 26,200 పౌండ్ల నుంచి 38,700కు పెంచారు. ఇవన్నీ కన్జర్వేటివ్ ప్రభుత్వం చేసినవి. లేబర్ వచ్చాక ఏమైనా మారిందా? 2025 జులైలో ఆ పరిమితి 41,700 అయింది. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తెచ్చుకునే దారి మూసేశారు. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసాను రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గిస్తామన్నారు. శాశ్వత నివాసానికి ఐదేళ్లకు బదులు పదేళ్లు ఆగాలన్న ప్రతిపాదన తెచ్చారు. 2025 సెప్టెంబరులో రిఫార్మ్ పార్టీ ఇంకో అడుగు వేసి, తాము వస్తే ఐఎల్ఆర్‌నే ఎత్తేస్తామని ప్రకటించింది.

జాబితాను కాస్త గమనించండి. స్టూడెంట్లు, డిపెండెంట్లు, నర్సింగ్ హోముల్లో పనిచేసేవాళ్లు, ఐఎల్ఆర్ కోసం రోజులు లెక్కపెట్టుకునే కుటుంబాలు. ఈ నిర్ణయాల దెబ్బ తగిలిన వాళ్లలో ఎక్కువమంది పౌరులు కాదు. కానీ వాళ్లలో భారతీయులకు ఓటుంది. ఆ ఓటు కనిపించకపోవడం వల్లే ఇన్ని నిర్ణయాలు ఇంత సులువుగా జరిగిపోయాయి అనుకుంటే పూర్తిగా తప్పు కాదు.

పార్టీలు ఎవరి తలుపు తడతాయి

మన దగ్గరిలా రోడ్‌షోలు, డీజేలు, ఫ్లెక్సీలు అక్కడ ఉండవు. టీవీలో పార్టీలు ప్రకటనలు కొనుక్కోవడం నిషేధం. ఎన్నికల నెలలో ఒక్కో అభ్యర్థి తన నియోజకవర్గంలో ఖర్చు పెట్టగలిగేది సుమారుగా 20 వేల పౌండ్లు. అందుకే ప్రచారమంతా కరపత్రాలు, ఫోన్లు, ఫేస్‌బుక్, ఇంటింటి తిరుగుడు మీద నడుస్తుంది.

ఇంటింటికీ అంటే ప్రతి ఇంటికీ కాదు. కార్యకర్తల చేతిలో ఓటర్ల జాబితా ఉంటుంది. జాబితాలో పేర్లున్న ఇంటి తలుపే తడతారు. ఎవరు మనవైపు, ఎవరు కాదు, ఎవరు ఊగిసలాటలో ఉన్నారు అని రాసుకుంటారు. పోలింగ్ రోజున బూత్ బయట పార్టీల మనుషులు కూర్చుని ఎవరెవరు వచ్చారో టిక్ పెట్టుకుంటారు. సాయంత్రానికి రాని తమ మద్దతుదారుల ఇళ్లకు మళ్లీ వెళ్తారు. ఎన్నికలయ్యాక ఎవరు ఓటేశారు, ఎవరు వేయలేదు అని గుర్తులున్న జాబితాను కూడా పార్టీలు తీసుకోవచ్చు. మీరు ఎవరికి వేశారన్నది రహస్యమే. వేశారా లేదా అన్నది మాత్రం కాదు.

దీని అర్థం స్పష్టం. జాబితాలో లేని ఇల్లు పార్టీకి ఖాళీ ఇంటితో సమానం. జాబితాలో ఉండి ఎప్పుడూ ఓటు వేయని ఇల్లు దండగ. రెండుసార్లు వరుసగా ఓటు వేసిన ఇంటికే అభ్యర్థి స్వయంగా వస్తాడు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు, తరచూ ఇల్లు మారేవాళ్లు, కుర్రాళ్లు జాబితాలో తక్కువగా ఉంటారని ఎన్నికల సంఘం ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. మనవాళ్లలో చాలామందికి ఈ మూడు లక్షణాలూ ఉన్నాయి.

గుడికొచ్చిన నేతలను అడిగిందేంటి

2024 జూన్ ఆఖరి వారంలో కీర్ స్టార్మర్ కింగ్స్‌బరీ స్వామినారాయణ్ ఆలయానికి, రిషి సునాక్ నీస్‌డెన్ ఆలయానికి వెళ్లారు. ఫలితాల్లో లెస్టర్ ఈస్ట్‌లో శివానీ రాజా గెలిచారు. దేశం మొత్తం మీద కన్జర్వేటివ్‌లు కొత్తగా సంపాదించుకున్న సీటు అదొక్కటే. దాంతో 'హిందూ ఓటు' అనే మాట మీడియాలో మోగిపోయింది.

కానీ ఆ ఓటు వెనకున్న సమాజం ఎక్కువగా తూర్పు ఆఫ్రికా నుంచి 1960లు, 70లలో వచ్చి స్థిరపడిన గుజరాతీలది. వాళ్లకు పౌరసత్వం ఉంది, ఇళ్లున్నాయి, వ్యాపారాలున్నాయి. మనవాళ్లలో ఎక్కువమంది ఇటీవల వచ్చినవాళ్లే. వీసా, స్పాన్సర్, ఫీజు, జీతం పరిమితి వీళ్ల సమస్యలు. ఒకే గుడికి వెళ్లినా ఒకే అవసరం కాదు.

అలాగని మనకు ఫలానా పార్టీయే దిక్కు అని కూడా లేదు. ఆ ఎన్నికల్లో నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్ నుంచి ఉదయ్ నాగరాజు లేబర్ తరఫున, స్టోక్ ఆన్ ట్రెంట్ సెంట్రల్ నుంచి చంద్ర కన్నెగంటి కన్జర్వేటివ్ తరఫున పోటీ చేశారు. ఇద్దరూ ఓడిపోయారు. తెలుగు పేరు బ్యాలెట్ మీద కనిపించడం సంతోషమే. కానీ అభ్యర్థి తెలుగువాడా కాదా అన్నదానికంటే, అతన్ని మనం అడిగిందేంటన్నది ముఖ్యం.

ఇక్కడే మన సంఘాల మీద ఒక మాట. ఉగాదికో బతుకమ్మకో స్థానిక ఎంపీని పిలుస్తాం. శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం, పులిహోర పెట్టి పంపిస్తాం. ఐఎల్ఆర్ గడువు పెంపు ఇప్పటికే దేశంలో ఉన్నవాళ్లకు వర్తించాలా వద్దా, మీ వైఖరేంటి అని వేదిక మీద ఒక్క ప్రశ్న అడగం. అడిగితే మర్యాద కాదనుకుంటాం. ఎంపీకి మాత్రం ఆ ప్రశ్నే గుర్తుంటుంది. ఎన్నికలప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే 'ఫలానా వాళ్లకే వేయండి' మెసేజ్‌ల కంటే, అభ్యర్థి ఇచ్చిన జవాబును నాలుగు లైన్లలో రాసి అదే గ్రూపులో పెడితే పదిమందికి పనికొస్తుంది.

చేయాల్సింది చిన్నదే

ఓటరు నమోదు ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. ఎన్ఐ నంబర్ చేతిలో ఉంటే మంచిది, లేకపోయినా దరఖాస్తు చేయొచ్చు. పోలింగ్‌కు 12 పనిదినాల ముందు గడువు ముగుస్తుంది. 2024లో అది జూన్ 18. అప్పటిదాకా ఆగితే మరిచిపోతాం కాబట్టి ఇల్లు మారిన వారమే చేసుకోవడం మేలు. కౌన్సిల్ ఎన్నికలకూ ఇదే నమోదు. ఇంకో లాభం, క్రెడిట్ హిస్టరీ చూసే సంస్థలు చిరునామాను ఓటర్ల జాబితాతో సరిచూసుకుంటాయి. రేపు హోమ్ లోన్‌కు వెళ్లినప్పుడు అది అక్కరకొస్తుంది.

ఇంగ్లండ్‌లో బూత్‌కు ఫొటో గుర్తింపు తప్పనిసరి. ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది. గడువు తీరినా ఫొటోలో మనిషి గుర్తుపట్టేలా ఉంటే ఒప్పుకుంటారు. ఫోన్‌లో ఈ-వీసా చూపిస్తే కుదరదు, ఇండియన్ డ్రైవింగ్ లైసెన్సూ పనికిరాదు. పోలింగ్ గురువారం, సెలవుండదు. కానీ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా బూత్ తెరిచే ఉంటుంది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు పోస్టల్ ఓటు పెట్టుకోవచ్చు. బ్రిటిష్ పౌరసత్వం తీసుకుని తర్వాత హైదరాబాద్‌కో దుబాయ్‌కో మారినవాళ్లకూ ఇప్పుడు ఓటుంది. విదేశాల్లో 15 ఏళ్లు దాటితే ఓటు పోతుందన్న నిబంధన 2024 జనవరిలో రద్దయింది.

వచ్చే సార్వత్రిక ఎన్నికలు 2029 ఆగస్టు మధ్యలోగా జరగాలి. పదేళ్ల నిబంధన అమలైతే, 2024లో వర్క్ వీసా మీద వెళ్లిన మన ఇంజనీర్ అప్పటికి సగం దారిలోనే ఉంటాడు. మిగతా సగం ఎలా ఉండాలో ఆ ఎన్నికలే తేలుస్తాయి. కామన్వెల్త్ పౌరులకు ఈ ఓటు ఎందుకు, తీసేయాలి అని వాదించేవాళ్లు బ్రిటన్‌లో ఇప్పటికే ఉన్నారు. వాడేవాళ్లు లేని హక్కును తీసేసినా అడిగేవాళ్లు ఉండరు. బ్రిటన్‌లో ఉంటే ఈ వారాంతంలోనే మీ పేరు నమోదు చేసుకోండి. మీ ఇంట్లో షేరింగ్‌లో ఉన్న నలుగురి చేతా చేయించండి.