234 ఫోన్లు, ఒక స్లీపర్ బస్సు: స్పెక్ షీట్‌లో కనిపించని బ్యాటరీ సంగతి

మనకు బ్యాటరీ అంటే ఒక నంబర్. ఐదు వేలా, ఆరు వేలా, ఏడు వేల ఎంఏహెచ్చా? ఛార్జింగ్ 45 వాట్లా, 80 వాట్లా? సున్నా నుంచి వందకి ఎన్ని నిమిషాలు? కామెంట్లలో కొట్టుకునేది కూడా వీటి మీదే. కానీ ఆ బ్యాటరీ మన చేతికి ఏ బండిలో వచ్చింది, ఎవరి బెర్త్ కింద వచ్చింది అనేది ఏ రివ్యూలోనూ ఉండదు. 2025 అక్టోబర్ 24 తర్వాత, కనీసం మా కర్నూలు వాళ్ళం ఆ ప్రశ్నను పక్కన పెట్టలేం.

ఆ రోజు తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ఒక ప్రైవేట్ స్లీపర్ బస్సు కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర తగలబడింది. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైక్ నడిపిన కుర్రాడితో కలిపి 20 మంది. దీపావళి అయిన నాలుగో రోజు. పండక్కి ఊరొచ్చి మళ్ళీ ఉద్యోగాలకు పోయేవాళ్ళతో బస్సులు నిండే టైమ్ అది.

ఆ తర్వాత ఇంకో వార్త వచ్చింది. ఆ బస్సు లగేజీ క్యాబిన్‌లో 234 స్మార్ట్‌ఫోన్ల పార్శిల్ ఉంది, విలువ సుమారు 46 లక్షలు, మంటలకు వాటి బ్యాటరీలు పేలడంతో అగ్ని ఇంకా పెరిగింది అని ఫోరెన్సిక్ నిపుణులు చెప్పినట్టు పేపర్లన్నీ రాశాయి. ఏసీ కోసం బస్సులో పెట్టిన బ్యాటరీలు కూడా పేలాయని ఫైర్ అధికారులు అన్నారు. అంతే, "ఫోన్లు పేలి బస్సు దగ్ధం" అని హెడ్డింగులు మొదలైపోయాయి.

టెక్ మీద ఇష్టం ఉన్నవాళ్ళుగా మనం ఇక్కడ రెండు పనులు చేయొచ్చు. "ఛ, ఫోన్లకేం సంబంధం, ఊరికే భయపెడుతున్నారు" అని కొట్టిపారేయొచ్చు. లేదా "ఫోన్లే చంపేశాయి" అని షేర్ చేయొచ్చు. నా ఉద్దేశంలో రెండూ తప్పే.

ముందు ఏది, తర్వాత ఏది

వార్తల్లో వచ్చిన క్రమం చూడండి. ముందు ఒక బైక్ రోడ్డు మీద పడిపోయింది. దాన్ని బస్సు గుద్ది, కింద ఇరుక్కున్న బైక్‌ని కొంత దూరం ఈడ్చుకుపోయింది. పెట్రోల్ కారింది, రాపిడికి నిప్పు రవ్వలు లేచాయి, మంట అంటుకుంది. అక్కడివరకూ ఏ ఫోనూ లేదు. మంట లగేజీ క్యాబిన్‌కి చేరిన తర్వాతే బ్యాటరీల పాత్ర మొదలైంది.

అంటే ఫోన్లు నిప్పు పెట్టలేదు. పెట్టిన నిప్పుని అవి పెంచాయి. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే పరిష్కారం దాన్ని బట్టే ఉంటుంది. బ్యాటరీలో లోపం ఉంటే కంపెనీని నిలదీయాలి. 2016లో గెలాక్సీ నోట్ 7 విషయంలో జరిగింది అదే: ఫోన్ తనంతట తనే కాలింది, కంపెనీ మొత్తం మోడల్‌నే ఆపేసింది. ఇక్కడ అది కాదు. ఏ లోపమూ లేని కొత్త ఫోన్ అయినా బయటి నుంచి తగినంత వేడి తగిలితే కాలుతుంది. కాబట్టి అడగాల్సింది "ఏ బ్రాండ్?" అని కాదు, "అన్ని ఫోన్లు మనుషులు పడుకునే బస్సులో ఎందుకున్నాయి?" అని.

ఒక చిన్న లెక్క

5000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే దాదాపు 19 వాట్ అవర్లు. 234 ఫోన్లు ఫుల్ ఛార్జ్‌లో ఉన్నాయనుకుంటే సుమారు 4.4 కిలోవాట్ అవర్లు, అంటే నాలుగున్నర యూనిట్ల కరెంటు. ఒక పెద్ద ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ అంత. కొత్త ఫోన్లు సగం ఛార్జ్‌తోనే వస్తాయి కాబట్టి అందులో సగమే వేసుకోండి.

ఇంతేనా అనిపిస్తుంది. నిజమే, ఒక లీటర్ పెట్రోల్‌లోనే దాదాపు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. బస్సు డీజిల్ ట్యాంక్‌తో పోలిస్తే ఈ ఫోన్లు ఏ మూలకి? కానీ ప్రమాదం మొత్తం శక్తిలో లేదు, అది బయటికొచ్చే తీరులో ఉంది.

లిథియం అయాన్ సెల్‌లో పాజిటివ్, నెగెటివ్ పొరల మధ్య పల్చటి ప్లాస్టిక్ సెపరేటర్ ఉంటుంది. సుమారు 130 డిగ్రీల దగ్గర అది మెత్తబడి కరగడం మొదలవుతుంది. రెండు పొరలూ తగులుకుంటాయి, షార్ట్ అవుతుంది, ఆ వేడికి ఇంకా వేడి పుడుతుంది. లోపలి ద్రవం మండే రకం. క్యాథోడ్ పదార్థం విడిపోతూ ఆక్సిజన్ కూడా వదులుతుంది, కాబట్టి దుప్పటి కప్పి గాలి ఆపితే ఆరిపోయే మంట కాదిది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. ఒక సెల్ పోతే పక్క సెల్ వేడెక్కుతుంది, అది పోతే దాని పక్కది. అట్టపెట్టెల్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఫోన్లంటే, ఒకదానికొకటి అంటించుకునే టపాకాయల సరం లాంటిది. దానికితోడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు.

"బస్సులో ప్రతి ప్రయాణికుడి దగ్గరా ఫోన్ ఉంటుంది కదా, మరి దాని సంగతి?" అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. నలభై మంది చేతుల్లో నలభై ఫోన్లు విడివిడిగా ఉంటాయి. ఒకటి వేడెక్కితే చేతికి తెలుస్తుంది, కిటికీలోంచి విసిరేయొచ్చు. డిక్కీలోని 234 ఒకే చోట, ఎవరికీ కనపడకుండా, బెర్త్‌ల కిందే ఉంటాయి. పైన పడుకున్న మనిషికి కింద ఏముందో తెలియదు.

ఓర్వకల్లులో ఒక రూలు, హైవే మీద ఒక రూలు

మా జిల్లాలోనే ఈ తేడా చూడొచ్చు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకి పోతే మీ పవర్ బ్యాంక్ చెకిన్ బ్యాగులో పెట్టనివ్వరు, చేతి బ్యాగులోనే ఉండాలి. అదీ 100 వాట్ అవర్ల లోపు అయితేనే అడక్కుండా తీసుకుపోవచ్చు. 20 వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 వాట్ అవర్లు కాబట్టి ఓకే. దాటితే ఎయిర్‌లైన్ పర్మిషన్ కావాలి.

కార్గో సంగతికొస్తే, విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. సరుకు విమానాల్లో వేసినా ఛార్జ్ 30 శాతం దాటకూడదు. ఫోన్‌లో బిగించి ఉన్న బ్యాటరీకి కొంత సడలింపు ఉంది, కానీ దానికీ ప్యాకింగ్ నియమాలున్నాయి, యూఎన్ 3481 అనే నంబర్ ఉంది. ఫోన్ల పెద్ద అట్టపెట్టెల మీద మంటలొస్తున్న బ్యాటరీ బొమ్మతో ఎర్ర అంచు లేబుల్ ఎప్పుడైనా చూశారా? అదే ఇది.

అదే పెట్టె హైవే మీద బస్సెక్కేటప్పుడు? పేరు, ఫోన్ నంబర్, డబ్బులు. లోపల ఏముందని గట్టిగా అడిగేవాళ్ళు తక్కువ. పెట్టె మీది లేబుల్ చదవాల్సిన మనిషికి ఆ బొమ్మకి అర్థమేంటో ఎవరూ చెప్పి ఉండరు. ముప్పై వేల అడుగుల ఎత్తులో ప్రమాదమైన వస్తువు, అర్ధరాత్రి తలుపులు మూసిన స్లీపర్ బస్సులో మాత్రం మామూలు వస్తువు ఎలా అవుతుంది? విమానంలోనూ బస్సులోనూ మనిషి తప్పించుకోలేని పరిస్థితి ఒక్కటే.

బస్సులోనే ఎందుకు?

పార్శిల్ పంపినవాళ్ళని తిట్టడం తేలిక. కానీ కర్నూలు రాజ్‌విహార్‌లోనో, కడప ఏడు రోడ్ల దగ్గరో ఫోన్ షాపుకెళ్ళి అడగండి. "ఈ కలర్ లేదన్నా, రాత్రి బండికి వేయిస్తా, రేపు పొద్దున రండి" అంటారు. ఆ "రాత్రి బండి" చాలాసార్లు ప్రయాణికుల బస్సే. మనకు రేపే కావాలి, షాపు వాడికి బేరం పోకూడదు, బస్సు వాడికి టికెట్ల మీద వచ్చేది చాలదు, డిక్కీలో ఖాళీ ఉంది. మామిడి పండ్ల నుంచి మోటార్ల దాకా అన్నీ అందులోనే. రాయలసీమ చిన్న వ్యాపారాలు ఇలాగే నడుస్తున్నాయి. ఎవడో ఒక్కడు విలన్ అయితే పట్టుకుని లోపలేస్తే సరిపోయేది. ఇక్కడ అందరికీ సౌకర్యంగా ఉంది, అందుకే ఎవరూ ఆపలేదు.

ఇదే రోడ్డు మీద, 2013 అక్టోబర్ 30న, బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కాలిపోయి 45 మంది చనిపోయారు. చిన్నటేకూరుకి పది రోజుల ముందు, 2025 అక్టోబర్ 14న, రాజస్థాన్ జైసల్మేర్ దగ్గర ఏసీ స్లీపర్ బస్సులో 20 మందికి పైగా పోయారు. ప్రతిసారీ కొన్ని రోజులు తనిఖీలు, కొన్ని బస్సుల సీజ్, ఆ తర్వాత మళ్ళీ మామూలే. ఈసారి ఫోన్ల సంగతి బయటపడింది కాబట్టి, మనలాంటివాళ్ళు దీన్ని మర్చిపోనివ్వకూడదు.

నన్ను వదలని ఒక విషయం

ఆ 234 ఫోన్లలో ప్రతిదానికీ 15 అంకెల ఐఎంఈఐ నంబర్ ఉంటుంది. డ్యూయల్ సిమ్ అయితే రెండు. బిల్లు ఉంటుంది. అందుకే ఎన్ని ఫోన్లు, ఎన్ని లక్షలు అనే లెక్క అంత త్వరగా తేలింది. పైన బెర్త్‌లలో పడుకున్న 19 మందిని గుర్తుపట్టడానికి మాత్రం డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఫలితం వచ్చేదాకా కుటుంబాలు కర్నూలు ఆసుపత్రి దగ్గర కూర్చున్నాయి.

ఆ టైమ్‌లో మన ఫీడ్ ఏం చూపించింది? కాలుతున్న బస్సు వీడియో, దానికి వెనకాల విషాద సంగీతం, తర్వాత బైక్ కుర్రాడు పెట్రోల్ బంకులో ఉన్న సీసీ టీవీ క్లిప్పు, దాని కింద కోర్టు లాంటి కామెంట్లు. క్లిప్పు దర్యాప్తుకి పనికొచ్చి ఉండొచ్చు. మనకి మాత్రం అది సినిమాకి సినిమాకి మధ్య చూసే ఇంకో రీల్ అయిపోయింది. అన్ని లక్షల వ్యూస్‌లో పదో వంతు మంది ఎమర్జెన్సీ డోర్ ఎలా తీయాలో వీడియో చూసినా ఎంత మేలు జరిగేది!

సరే, మనమేం చేయాలి?

పెద్ద పనులు ప్రభుత్వానివి: ప్రయాణికుల బస్సులో బ్యాటరీ సరుకు వేయకూడదని స్పష్టంగా చెప్పడం, చెప్పి ఊరుకోకుండా ఏడాది పొడుగునా తనిఖీ చేయడం. ఆన్‌లైన్ కంపెనీలదీ బాధ్యత ఉంది. తమ ఫోన్ చివరి వంద కిలోమీటర్లు ఏ బండిలో వస్తుందో వాళ్ళకు తెలియకపోతే, యాప్‌లో కనిపించే ఆ ట్రాకింగ్ ఎందుకు?

మన చేతిలోనూ కొన్ని ఉన్నాయి. షాపులో "రేపటికల్లా" అని పట్టుబట్టకుండా, గూడ్స్ బండిలో వచ్చేదాకా రెండు రోజులు ఆగడం. మీరే పాత ఫోనో, పవర్ బ్యాంకో పంపాలంటే, లోపల బ్యాటరీ ఉందని చెప్పి కొరియర్‌లో వేయడం. వెనక ప్యానెల్ పైకి లేచిన, ఉబ్బిన బ్యాటరీ ఫోన్‌ని ఎక్కడికీ పంపకుండా దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌లో ఇవ్వడం. పవర్ బ్యాంక్ కొనేముందు దాని మీదున్న బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడటం. అర నిమిషం పని.

బస్సెక్కాక ఫోన్‌ని దిండు కిందో, దుప్పటి లోపలో ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. సినిమా మొదలుపెట్టే ముందు ఎమర్జెన్సీ డోర్ ఎటుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూడండి. సుత్తి లేకపోతే అడగండి. మన దగ్గర కెమెరా ఉంది, యాప్‌లో రేటింగ్ ఇచ్చే హక్కు ఉంది. వైఫై స్లో అని ఒక స్టార్ తగ్గించే మనం, సుత్తి లేదని నాలుగు స్టార్లు తగ్గించలేమా?

ఇది మా సీమకి ఇంకా ఎందుకు ముఖ్యమంటే, ఆ ఘటనకి ఎనిమిది రోజుల ముందే, అక్టోబర్ 16న, ప్రధాని కర్నూలు వచ్చి ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామికవాడల పనులకు శంకుస్థాపన చేశారు. కడప పక్కన కొప్పర్తిలో ఇప్పటికే సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. ఓర్వకల్లులో డ్రోన్లు అంటున్నారు. డ్రోన్ అంటేనే బ్యాటరీ. ఇప్పటిదాకా ఈ సరుకు మా ఊళ్ళ మీదుగా పోయేది, ఇక మా ఊళ్ళ నుంచే బయల్దేరుతుంది. ఉద్యోగాలు రావాలి, ఫ్యాక్టరీలు రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ఫ్యాక్టరీల గేటు దాటిన పెట్టెలు రాత్రి పూట ఏ బండి ఎక్కుతాయో ఇప్పుడే తేల్చుకోవాలి.