దుబాయ్‌లో ఇంగ్లిష్ వచ్చిన వకీలు దొరికితే సరిపోతుందా?

షార్జాలో ఏసీ మెకానిక్‌గా పనిచేసే మా ఖాలా కొడుకు నెల కిందట ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "భాయ్, ఇంగ్లిష్ మాట్లాడే వకీలు ఎవరైనా తెలుసా?" ఆరేళ్లు పనిచేయించుకుని కంపెనీ తీసేసింది. గ్రాట్యుటీ ఇవ్వలేదు, రెండు నెలల జీతం ఆపింది. నేను ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని నలుగురిని అడిగితే ఒక లీగల్ కన్సల్టెంట్ దొరికాడు. ఇంగ్లిష్ బ్రహ్మాండం, ఉర్దూ కూడా వచ్చు. ఫీజు 5,000 దిర్హామ్‌లు, అదీ ముందే.

బీకాం చదివినోణ్ని కదా, ముందు లెక్క వేశా. యూఏఈ చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్ జీతం గ్రాట్యుటీగా రావాలి. మావాడి బేసిక్ 1,500, అంటే రోజుకు 50. ఆరేళ్లకు మొత్తం 6,750 దిర్హామ్‌లు. ఆగిపోయిన జీతం కలిపినా పదకొండు వేల చిల్లర. అందులో దాదాపు సగం వకీలుకే పోతే ఇక మిగిలేదేంటి?

అసలు ఇలాంటి కేసుకు వకీలు అక్కర్లేదు. కార్మిక మంత్రిత్వ శాఖ యాప్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. వాళ్లు ముందు రాజీ కుదర్చాలని చూస్తారు. 2024 నుంచి 50,000 దిర్హామ్‌ల లోపు తగాదాలను మంత్రిత్వ శాఖే తేల్చేస్తోంది. కోర్టుకు వెళ్లాల్సి వచ్చినా లక్ష లోపు క్లెయిమ్‌కు కార్మికుడు కోర్టు ఫీజు కట్టనక్కర్లేదు. ఉద్యోగం పోయిన రెండేళ్లలోపు అడగాలి, అంతే. ఈ సంగతి మనోళ్లలో ఎంతమందికి తెలుసు?

అందరి కేసూ ఇంత చిన్నది కాదు. చెక్కు కేసు, దొంగతనం ఆరోపణ, పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలం లాంటివి మీద పడితే వకీలు కావాల్సిందే. కానీ అప్పుడు కూడా "ఇంగ్లిష్ వచ్చా?" అన్నది రెండో ప్రశ్నే. వకీలు మనతో ఏ భాషలో మాట్లాడినా అక్కడి మామూలు కోర్టుల్లో కాగితం నడిచేది అరబిక్‌లో. లేబర్ కాంట్రాక్టు రెండు భాషల్లో ఉండి తేడా వస్తే అరబిక్‌లో ఉన్నదే చెల్లుతుంది. దుబాయ్ డీఐఎఫ్‌సీ కోర్టులు ఇంగ్లిష్‌లో నడుస్తాయి గానీ, అవి ముఖ్యంగా ఆ జోన్ కంపెనీల వ్యవహారాలకు. మన మెకానిక్‌లు, మేస్త్రీలు ఆ గుమ్మం ఎక్కేది అరుదు.

అందుకే మొదట అడగాల్సింది: కోర్టులో నిలబడేది మీరేనా, ఇంకొకరా? అక్కడ అడ్వకేట్ వేరు, లీగల్ కన్సల్టెంట్ వేరు. దుబాయ్‌లో ఇద్దరి లైసెన్సులూ ప్రభుత్వ న్యాయ వ్యవహారాల శాఖ దగ్గర ఉంటాయి, సరిచూసుకోవచ్చు. ఇక వకాలా, అంటే పవర్ ఆఫ్ అటార్నీ. అందులో మన తరఫున రాజీపడే హక్కు, డబ్బు తీసుకునే హక్కు రాసి ఉన్నాయేమో చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు.

భాష విషయంలో అక్కడి ప్రభుత్వం అసలేమీ చేయలేదనలేం. 2019లో అబుదాబి కోర్టులు కార్మిక కేసుల ఫారాలకు అరబిక్, ఇంగ్లిష్ తర్వాత హిందీని చేర్చాయి. 2016లో మొదలైన జాబ్ ఆఫర్ లెటర్ పద్ధతిలో 11 భాషలుంటే ఉర్దూ, హిందీ, తమిళం, మలయాళం అన్నీ ఉన్నాయి, తెలుగు లేదు. పాతబస్తీ కుర్రాడు ఉర్దూతో ఎలాగో నెట్టుకొస్తాడు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి వెళ్లినోళ్ల సంగతేంటి? హైదరాబాద్‌లో గల్ఫ్ కార్మికుల గురించి మాట్లాడే నాయకులు ఈ ముక్క ఎందుకు అడగరో నాకర్థం కాదు.

దుబాయ్‌లో మన కాన్సులేట్ కింద ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, న్యాయ సలహా ఉచితం. నిజంగా చేతకాని వాళ్లకు లాయర్ ఖర్చుకు భారత ప్రభుత్వ సంక్షేమ నిధి కూడా ఉంది, 2009 నుంచే. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి ఫీజు పంపేవాళ్లు ముందు ఆ తలుపు తట్టాలి.

మావాడు యాప్‌లో ఫిర్యాదు పెట్టిన మూడో రోజే కంపెనీ మనిషి ఒక అరబిక్ కాగితం తెచ్చి, సంతకం పెడితే డబ్బు రేపే అన్నాడట. ఫొటో తీసి నాకు వాట్సాప్ చేశాడు. మా మహల్లా మదర్సా ఉస్తాద్‌కు చూపిస్తే చదివి నవ్వారు. "బకాయిలన్నీ నాకు ముట్టాయి, ఇక ఏ హక్కూ లేదు" అని రాసి ఉంది. అప్పటికి పైసా రాలేదు. సంతకం పెట్టలేదు. గ్రాట్యుటీ పోయిన వారం పడింది, జీతం కోసం ఇంకా తిరుగుతున్నాడు.