లెక్కకెక్కని దుకాణాలు

దేశంలో కొత్త వ్యాపారాలు వెల్లువలా పుట్టుకొస్తున్నాయని పాలకులు ఏటా చెబుతూనే ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు. 2019-20 ఆర్థిక సర్వే ఒక అధ్యాయాన్ని పూర్తిగా ఈ విషయానికే కేటాయించింది. 2014లో సుమారు 70 వేల కొత్త కంపెనీలు నమోదు కాగా, 2018 నాటికి ఆ సంఖ్య 1,24,000కు చేరిందని అందులో చూపారు. కొత్త సంస్థల సంఖ్యలో ప్రపంచంలో మన దేశానిది మూడో స్థానమని కూడా రాశారు. ఈ అంకెలను మేము కాదనబోవడం లేదు. అవి ఎవరిని లెక్కించాయి, ఎవరిని వదిలేశాయి అన్నదే మా ప్రశ్న.

ఆ సర్వే లెక్కించినవి చట్టప్రకారం నమోదైన కంపెనీలను మాత్రమే. ఇక రెండో లెక్కను చూడండి. కంపెనీలుగా నమోదు కాని వ్యవసాయేతర సంస్థలపై జాతీయ గణాంక కార్యాలయం ఏటా సర్వే జరుపుతున్నది. 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు వరకు జరిగిన సర్వే ప్రకారం ఇటువంటి సంస్థలు 7.34 కోట్లు. వాటిని నమ్ముకుని పనిచేస్తున్నవారు 12 కోట్లకు పైగా. అంతకు ముందటి సర్వేలో ఈ సంస్థలు 6.50 కోట్లు. అంటే ఒక్క ఏడాదిలో 84 లక్షలు పెరిగాయన్నమాట. సర్వే అంచనాలు గనుక కొంత హెచ్చుతగ్గులు ఉండవచ్చు. అయినా లక్షా పాతికవేలు ఎక్కడ, 84 లక్షలు ఎక్కడ! ఈ సంస్థల్లో పదింట ఎనిమిదికి పైగా జీతానికి ఒక్క మనిషినైనా పెట్టుకోలేనివి. ఇంటివాళ్లే యజమానులు, ఇంటివాళ్లే పనివాళ్లు. మన దేశంలో కొత్త వ్యాపారం అసలు రూపం ఇదీ.

ముస్లిం కుటుంబాలు ఉన్నది ఈ రెండో లెక్కలోనే. 2006 నవంబరులో సచార్ కమిటీ పార్లమెంటు ముందుంచిన నివేదిక ప్రకారం ముస్లిం శ్రామికుల్లో 61 శాతం మంది స్వయం ఉపాధిపైనే బతుకుతున్నారు. హిందువుల్లో అది 55 శాతం. దీనిని వ్యాపార దక్షత అని పొగిడేవారు కొందరున్నారు. ఆ పొగడ్తను స్వీకరించడానికి మాకు మనస్కరించడం లేదు. అదే నివేదిక జనాభాలో 13.4 శాతమున్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, రైల్వేలో 4.5 శాతం మాత్రమేనని చెప్పింది. ఉద్యోగపు తలుపు మూసుకుపోయినవాడు బండి మీద పండ్లు పెట్టుకుని వీధిలోకి వస్తాడు. మెకానిక్ షెడ్డు, పంక్చర్ కొట్టు, దర్జీ మిషను, పరుపులు కుట్టే దూదేకుల సోదరుని గుడారం, లాడ్ బజారు వెనుక సందుల్లో లక్క గాజులకు రాళ్లు అతికే కొలిమి ఇల్లు. వీటిలో ఎన్ని ఇష్టపడి తెరిచినవో, ఎన్ని గత్యంతరం లేక తెరిచినవో ఆయా కుటుంబాలకే తెలుసు.

పెట్టుబడి ఎక్కడిది? గల్ఫులో పదేళ్లు చెమటోడ్చి తెచ్చిన సొమ్ము. తల్లి మెడలోని బంగారం. లేదా పదిమంది ఇల్లాళ్లు నెలనెలా వేసుకునే 'కమిటీ' చీటీ. మన పట్టణాల్లో సగం దుకాణాల షట్టరు ఈ చీటీ డబ్బుతోనే లేచిందంటే అతిశయోక్తి కాదు. ఆ డబ్బుతో షట్టరు లేస్తుంది గాని, సరుకు రెట్టింపు చేయడానికి అది చాలదు. వ్యాపారం పెరగాలంటే బ్యాంకు కావాలి. ప్రాధాన్యరంగ రుణాల ఖాతాల్లో ముస్లింల వాటా సుమారు 12 శాతం ఉన్నా, రుణాల మొత్తంలో వారికి దక్కినది 5 శాతంలోపేనని సచార్ కమిటీ తేల్చింది. ఖాతా ఉంది, అందులో డబ్బు లేదు. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు 'ప్రతికూల మండలాలు'గా గుర్తుపెట్టుకుని రుణాలకు వెనుకాడుతున్నాయన్న విషయాన్ని కూడా ఆ కమిటీ నమోదు చేసింది. మనిషి నిజాయితీని కాక పిన్‌కోడును చూసి అప్పు ఇవ్వడమంటే ఇదే.

వడ్డీ విషయం దాటవేయడం కూడా న్యాయం కాదు. విశ్వాసం వల్ల బ్యాంకు గడప తొక్కని కుటుంబాలు మనలో గణనీయంగా ఉన్నాయి. రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఏర్పడిన ఆర్థికరంగ సంస్కరణల కమిటీ 2008లో వడ్డీలేని బ్యాంకింగుకు వీలు కల్పించాలని సూచించింది. అది మతపరమైన కోరిక కాదు, బ్యాంకు వెలుపల మిగిలిపోయిన పౌరులను లోపలికి తెచ్చే మార్గమని ఆ సూచనలోని భావం. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ఇక ముందుకు తీసుకుపోవడం లేదని తేల్చివేసింది. ఆ తరువాత దానిని గురించి అడిగిన ప్రజాప్రతినిధులు ఎందరు?

2016 జనవరి 16న మొదలైన స్టార్టప్ ఇండియా పథకానికి గొప్ప ప్రచారం జరిగింది. పన్ను రాయితీలు, నిధులు, ప్రభుత్వ కొనుగోళ్లలో సడలింపులు దానిలో ఉన్నాయి. అయితే ఆ గుర్తింపు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, నమోదైన భాగస్వామ్యం వంటి రూపాలకే లభిస్తుంది. ఒక మనిషి తన పేరున నడుపుకునే దుకాణానికి ఆ తలుపు తెరుచుకోదు. 2015-16లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో సుమారు 96 శాతం ఇటువంటి ఒంటరి యాజమాన్యాలే! వీరికి మిగిలింది 2015లో వచ్చిన ముద్రా రుణం. అందులో తొలిమెట్టు అయిన శిశు రుణానికి గరిష్ఠ పరిమితి 50 వేలు. ఆ సొమ్ముతో ఈ రోజుల్లో ఒక వెల్డింగు షాపునైనా సరిగా అమర్చగలరా?

మమ్మల్ని ఎక్కువగా బాధించేది మరొకటి. ఉద్యమ్ నమోదులో యజమాని సామాజిక వర్గాన్ని అడుగుతారు. మతం అడగరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-ఈ, బీసీ-బీ కింద ఉన్న మన సోదరులు వెనుకబడిన తరగతుల మొత్తంలో కలిసిపోతారు, మిగిలినవారు జనరల్‌లో కరిగిపోతారు. యజమాని మతాన్ని నమోదు చేసిన ఆరో ఆర్థిక గణన 2013-14 నాటిది. 2019లో మొదలైన ఏడో ఆర్థిక గణన ఫలితాలు ప్రజల ముందుకు రానేలేదు. మరోవైపు 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కన్వర్ యాత్ర దారి పొడవునా తినుబండారాల దుకాణాల యజమానులు తమ పేర్లు బోర్డుపై రాయాలని ఆదేశించారు. జులై 22న సుప్రీంకోర్టు దానిని నిలిపివేసింది. అనుమానించడానికి పేరు కావలసి వచ్చింది, అప్పు ఎందరికి అందిందో లెక్కించడానికి మాత్రం అక్కరలేకపోయింది.

మన తప్పులను కూడా చెప్పుకోవాలి. ఇరవై ఏళ్లుగా నడుస్తున్న దుకాణానికి ఒక పద్దుపుస్తకం ఉండదు. లైసెన్సు చనిపోయిన తండ్రి పేరునే ఉంటుంది. కరెంటు మీటరు ఇల్లు అద్దెకిచ్చినవారిది. అన్నదమ్ములు ముగ్గురు కలిసి నడిపే వ్యాపారానికి కాగితం మీద భాగస్వామ్యం ఉండదు. 'మనలో మనకు రాతలేమిటి' అంటారు. ఆ ఆప్యాయత మంచిదే గాని, బ్యాంకు మేనేజరుకు అది కనపడదు. ఇక ఇంట్లో మగ్గం పని చేసే ఆడపడుచులు, ఊరగాయలు, బిర్యానీ డబ్బాలు అమ్మే అక్కలు తమది వ్యాపారమని తామే అనుకోరు. సర్వే మనిషి వచ్చి అడిగితే 'ఏమీ చేయను, ఇంట్లోనే ఉంటాను' అని జవాబిస్తారు. లెక్క అక్కడే తప్పుతుంది.

చదువు సంగతి ఈ వ్యవహారానికి దూరమైనది కాదు. అక్షరాస్యత 72 శాతం దాటిన జిల్లాల్లోనే కొత్త కంపెనీలు బాగా పెరుగుతున్నాయని పైన చెప్పిన ఆర్థిక సర్వే గమనించింది. 2011 జనగణన ప్రకారం ముస్లింల అక్షరాస్యత 68.5 శాతం, దేశ సగటు 73. పదో తరగతి మానిపించి కొడుకును షెడ్డులో కూర్చోబెట్టే తండ్రి ఆ పూటకు ఒక చేతిసాయం సంపాదిస్తాడు. ఆ పిల్లవాడు రేపు షెడ్డును వర్క్‌షాపుగా మార్చలేడు.

మేము ప్రభుత్వాలను అడుగుతున్నది ఇదే. ఏడో ఆర్థిక గణన ఫలితాలను విడుదల చేయాలి. బ్యాంకులు ప్రతి జిల్లాలో మైనారిటీలకు ఇచ్చిన రుణాల సంఖ్యతోపాటు మొత్తాన్ని కూడా ఏటా ప్రకటించాలి. రెండు రాష్ట్రాల మైనారిటీ ఆర్థిక సంస్థలు ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, ఎన్నింటికి సబ్సిడీ విడుదలైందో పక్కపక్కన చూపాలి.

ఈ లోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. పాన్ కార్డు లేని అతిచిన్న వ్యాపారులకు 2023 నుంచి ఉద్యమ్ అసిస్ట్ అనే వేరే మార్గం ఉంది. ఆ ధ్రువపత్రం కూడా ప్రాధాన్యరంగ రుణానికి చెల్లుతుంది. అయినా మన బస్తీల్లో దళారులు దీనికి వందలు, వేలు గుంజుతున్నారు. చదువుకున్న యువకులు ఒక ఆదివారం సెల్‌ఫోను, ఆధార్ కార్డులు పట్టుకుని వీధి మొదట్లో ఒక బల్ల వేసుకుని కూర్చుంటే సాయంత్రానికి ముప్పై దుకాణాలు లెక్కలోకి వస్తాయి. మొదటగా ఆ మగ్గం పని చేసే అక్క పేరు రాయండి.