పాదు చేసినవారి నేల

న్యూయార్క్ నగరం 1970లలో దివాలా అంచున నిలబడింది. అద్దెలు గిట్టుబాటు కాని పేటల్లో యజమానులు భవనాలను వదిలేసి పోయారు. బీమా సొమ్ము కోసం నిప్పు పెట్టించినవాళ్లూ ఉన్నారు. పన్ను బకాయిల కింద తన చేతికి వచ్చిన మొండిగోడలను నగర ప్రభుత్వం పడగొట్టింది గాని, ఆ రాళ్లూరప్పలూ ఎత్తిపోయించడానికి దాని దగ్గర డబ్బు లేకపోయింది. ఇటుక ముక్కలు, పగిలిన సీసాలు, ఇళ్లలోంచి తెచ్చి పారేసిన చెత్త పేరుకున్న ఖాళీ జాగాలు పేటపేటకూ మిగిలాయి. 1973లో మాన్‌హట్టన్‌లో బవరీ, హౌస్టన్ వీధులు కలిసే మూలన అలాంటి జాగా ఒకదాన్ని లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె ఇరుగుపొరుగు కలిసి బాగుచేయడం మొదలుపెట్టారు. ఎవరూ పురమాయించలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు. చెత్త మోసి పారబోశారు, మంచి మన్ను తెచ్చి మళ్లు కట్టారు, కూరగాయలు నాటారు. కంచె అడ్డమున్న చోట విత్తనాలూ ఎరువూ కూరిన బెలూన్లను లోపలికి విసిరేవారు. తమకు తామే గ్రీన్ గెరిల్లాలని పేరు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది నగరం ఆ స్థలాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు వారికే ఇచ్చింది. క్రిస్టీ 1985లో చిన్న వయసులోనే కన్నుమూసింది. ఆమె పేరుతో ఆ తోట ఇవాళ్టికీ ఉంది.

దీన్ని నగరవాసుల పూలమొక్కల సరదాగా చెప్పుకుంటే అన్యాయం చేసినట్టే. ఆ తర్వాత పుట్టుకొచ్చిన వందల తోటలను వేసినవాళ్లు ఎక్కువ మంది పేదలు, వలస వచ్చినవాళ్లు. పోర్టోరికో నుంచి వచ్చినవారు దక్షిణ బ్రాంక్స్‌లో తమ పల్లెల తీరున చిన్న చెక్క ఇల్లు కట్టుకుని, దాని చుట్టూ మిరప, చిక్కుడు వేసి, సాయంత్రాలు అక్కడే పాటలు పాడుకున్నారు. దక్షిణాది రాష్ట్రాల పొలాలు విడిచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు బ్రూక్లిన్‌లో బెండ, ఆకుకూరలు పండించాయి. తర్వాత ఈస్ట్ న్యూయార్క్ పేటలో బంగ్లాదేశ్ నుంచి వచ్చినవారు కాకర పాదులు పెట్టారు. సేద్యం చేతుల్లో మిగిలి, నేల మాత్రం దూరమైనవాళ్లు వీళ్లంతా. ఊరు విడిచిన మనిషికి తన విత్తనం మళ్లీ మొలవడం ఎంత ధైర్యమో వలస ఎరిగిన మన జిల్లాలకు వేరే చెప్పనక్కర్లేదు. బ్రూక్లిన్‌లోనే హాటీ కార్థన్ అనే పెద్దావిడ అరవై దాటిన వయసులో వీధివీధికీ చెట్లు నాటించింది. తన పేటలో మిగిలిన ఒక పాత మాగ్నోలియా చెట్టును కూల్చనివ్వకుండా పోరాడి 1970లో దానికి నగర వారసత్వ చిహ్నంగా గుర్తింపు తెచ్చింది. ఆ పేటలో ఇప్పుడు ఆమె పేరున ఒక తోట ఉంది.

ఇంతమంది ఇంత చాకిరీ చేసినా నగరం దస్త్రాల్లో ఆ స్థలాలు ఖాళీవే. 1978లో గ్రీన్‌థంబ్ అనే కార్యక్రమం పెట్టి నామమాత్రపు అద్దెకు తోటలకు అనుమతులిచ్చారు, మన్నూ మొక్కలూ పనిముట్లూ ఇచ్చారు. మంచి పనే. కాని కావలసినప్పుడు స్థలం వెనక్కి తీసుకునే హక్కును నగరం తన దగ్గరే ఉంచుకుంది. పేటలు పాడుబడి ఉన్నన్నాళ్లూ ఆ షరతు ఎవరికీ గుర్తు రాలేదు. నేల ధర పెరిగాక గుర్తొచ్చింది. 1999 మే నెలలో మేయర్ రూడీ జూలియానీ ప్రభుత్వం నూటికి పైగా తోటలను వేలానికి పెట్టింది. జనం వీధుల్లోకి వచ్చారు, అరెస్టయ్యారు. పొద్దుతిరుగుడు పువ్వు వేషం వేసుకుని చెట్టెక్కి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. తీరా వేలం ముందురోజు, ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే సంస్థ, గాయని బెట్ మిడ్లర్ నెలకొల్పిన న్యూయార్క్ రెస్టొరేషన్ ప్రాజెక్ట్ కలిసి 42 లక్షల డాలర్లకు వాటిని కొనేశాయి. అన్ని తోటలకూ ఆ అదృష్టం పట్టలేదు. 2000 ఫిబ్రవరిలో ఏడో వీధిలోని ఎస్పెరాంసా తోటను, గొలుసులతో తమను తాము కట్టేసుకున్న జనాన్ని పక్కకు లాగి, బుల్డోజర్లతో చదును చేశారు. మిగతా తోటల జోలికి పోవద్దని కోర్టు ఉత్తర్వు వచ్చిందీ ఆ రోజే. రెండు దశాబ్దాలకు పైబడిన తోట మాత్రం అప్పటికే నేలమట్టమైంది.

నగరానికి ఇళ్లు కావాలన్న వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. తలదాచుకునే చోటు లేనివాడి ముందు టమాటా మొక్క గొప్పదనం చెప్పడం తగదు. కాని తోటలు లేని ఖాళీ స్థలాలు నగరం చేతిలో ఇంకా వేలల్లో ఉన్నాయని తోటవాళ్లు అప్పుడే ఎత్తిచూపారు. ముందు వాటిలో కట్టమన్నారు. ఇల్లూ తోటా రెండూ పేదవాడికే కావలసినవి. ఆ రెంటినీ ఎదురెదురు నిలబెట్టి అతన్నే ఒకటి ఎంచుకోమనడంలో న్యాయం లేదు. 2002లో కుదిరిన రాజీలో కొన్ని వందల తోటలు నిలిచాయి, కొన్ని ఇళ్ల నిర్మాణానికి పోయాయి, తోట పోయినవారికి వేరే చోటు చూపాలన్న పద్ధతి వచ్చింది. అందరికీ నచ్చకపోయినా అది మర్యాదైన పరిష్కారమే.

ఆ కథలో మనం ఎక్కువసేపు ఆగి చూడవలసిన ఘట్టం ఆ తర్వాతది. ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ తాను కొన్న తోటలను తన గుప్పిట్లో పెట్టుకోలేదు. బ్రూక్లిన్‌కూ క్వీన్స్‌కూ కలిపి ఒకటి, మాన్‌హట్టన్‌కు ఒకటి, బ్రాంక్స్‌కు ఒకటి చొప్పున స్థానిక భూ ట్రస్టులు ఏర్పడేలా చేసి, స్థలాలను వాటి పేరు మీదికి మార్చింది. వాటి పాలకవర్గాల్లో కూర్చున్నది ఆ మళ్లలో మట్టి పిసికినవాళ్లే. ఇప్పుడు భూమి వాళ్ల పేరునే ఉంది, దాంతో బరువూ వాళ్ల మీదే పడింది. బీమా ప్రీమియం కట్టాలి, కంచె విరిగితే బాగుచేయించాలి, చలికాలంలో తోట ముందరి కాలిబాట మీద మంచు ఎత్తిపోయాలి. చాలాచోట్ల నీళ్లు వీధిలోని అగ్నిమాపక కుళాయి నుంచే రావాలి, దానికి అనుమతి తెచ్చుకోవాలి. పాత ఇళ్ల పెయింట్ల నుంచి దిగిన సీసం నేలలో ఉంటుంది కాబట్టి మట్టి పరీక్ష చేయించి, శుభ్రమైన మన్ను పోసిన ఎత్తు మళ్లలోనే కూరలు పండించాలి. నగర ప్రభుత్వం చేతిలోనే ఉన్న తోటలకైతే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారానికి కనీసం 20 గంటలు గేటు అందరికీ తెరిచి ఉంచాలన్న నియమం కూడా ఉంది. ఆ నియమం చాలా మంచిది. అది లేకపోతే సామూహిక తోట నెమ్మదిగా పదిమంది సొంత పెరడైపోతుంది. ఎవరి మడి ఎవరికి, కంపోస్టు గుంత ఎవరు తిరగెయ్యాలి, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి అన్న తగాదాలు తీర్చుకోవడానికి నెలనెలా కూర్చుని మాట్లాడుకోవాలి. ఊరుమ్మడి చెరువును కాపాడుకున్న పల్లెలకు ఈ పంచాయితీలు కొత్తవి కావు.

ఇందులో మనసును కలతపెట్టే సంగతి కూడా ఒకటుంది. సామూహిక తోటలు వచ్చాక చుట్టుపక్కల ఆస్తుల విలువ పెరిగిందనీ, పేద పేటల్లో అది మరీ ఎక్కువనీ న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం 2008లో తేల్చింది. తోటల మేలుకు అది రుజువే. అదే విలువ అద్దెగా మారి, తోట వేసినవాళ్లనే ఆ పేటలో ఉండలేని స్థితికి నెడుతుంది. చెట్టును కాపాడటానికి ట్రస్టు ఉంది. పాదు చేసిన మనిషి పక్కవీధిలో బతకగలగడానికి కూడా ఏదో ఒక ఏర్పాటు ఉండాలి. ఆ పని ఒక్క తోటవాళ్లకే వదిలేస్తే కాదు, ప్రభుత్వం పట్టించుకోవలసిందే.

దస్త్రంలో ఖాళీ అని రాసి ఉండటం వల్ల వచ్చే చిక్కు మనకూ తెలుసు. అనంతపురం సీమలో, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో, 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో కొన్ని పల్లెలవాళ్లు వేల ఎకరాల బోడిగుట్టలను కల్పవల్లి అనే అడవిగా, గడ్డిభూమిగా మార్చుకున్నారు. గొడ్డలి పడకుండా, ఎండాకాలం అగ్గి అంటుకోకుండా కాపలా కాశారు. ఈతచెట్లు లేచాయి, మేత పెరిగింది, తోడేళ్లూ జింకలూ తిరిగొచ్చాయి. రెవెన్యూ కాగితాల్లో మాత్రం అది బంజరుగానే ఉండిపోయింది. తర్వాత గాలిమరలు వచ్చినప్పుడు వాటి కోసం గుట్టలు తొలిచి రోడ్లు వేస్తుంటే, ఏళ్ల తరబడి కాపాడినవాళ్ల మాటకు కాగితం తోడు రాలేదు. పవన విద్యుత్తు దేశానికి అవసరమే. కాని కాపాడినవారిని అడగకుండా చేయడం అవసరం కాదు.

మన పట్టణాల్లో ప్రతి లేఅవుట్‌లోనూ పార్కు కోసమని వదిలిన స్థలం ఉంటుంది. కాగితం మీద అది మునిసిపాలిటీది. నేల మీద కొన్నిచోట్ల చెత్తకుప్ప, కొన్నిచోట్ల ఆక్రమణ, కొన్నిచోట్ల ఎవరో ఓపికగలవాళ్లు పెంచిన నాలుగు వేపచెట్లు, ఒక కరివేపాకు, ఒక మునగ. ఆ ఓపికగలవాళ్లకు ఇవాళ ఏ హక్కూ లేదు. స్థలం మునిసిపాలిటీ పేరు మీదే ఉంచి, సంరక్షణను రాతపూర్వకంగా కాలనీవాసుల బృందానికి అప్పగించవచ్చు. గేటు ఎన్ని గంటలు తెరిచి ఉండాలో, నీటి కనెక్షన్ ఎవరిస్తారో, సభ్యత్వం అద్దె ఇళ్లవారికీ ఎలా దక్కుతుందో అందులో రాసుకోవచ్చు. ఆ స్థలాన్ని మరో పనికి మార్చాలంటే ముందు ఆ బృందాన్ని కూర్చోబెట్టి వినాలన్న షరతు కూడా చేర్చవచ్చు. కొత్త పథకం కోసం, కొత్త నిధుల కోసం ఆగనక్కర్లేదు. ఇప్పటికే ఇంట్లోంచి బకెట్లతో నీళ్లు మోసి ఆ చెట్లు బతికిస్తున్న పెద్దలనూ ఆడవాళ్లనూ వార్డు కార్యాలయానికి పిలిచి, ఆ కాగితం మీద మొదటి సంతకం వాళ్ల చేత చేయించవచ్చు.