ధ్రువపు గడపలో ఒక అతిథి

అలాస్కా యాత్ర గురించి తెలుగులో వచ్చే వ్యాసాలను నాలుగైదు వరసగా చదివినవారికి ఒక సంగతి తెలిసిపోతుంది. వాటిలో ఊళ్ళు ఉండవు. సియాటిల్‌లోనో వాంకూవర్‌లోనో ఓడ ఎక్కడం, ఓడలో శాకాహారం దొరికిన వైనం, హిమానీనదం నుంచి మంచుపెళ్ళలు విరిగి సముద్రంలో పడిన చప్పుడు, తిమింగలం తోక, చివరికి ప్రకృతి ముందు మనిషి ఎంత అల్పుడో తెలిసిందన్న వాక్యం. మధ్యలో జూనో, స్కాగ్వే, కెచికాన్ అన్న పేర్లు వస్తాయి గాని, అవి ఓడ ఆగిన రేవులుగానే వస్తాయి. స్కాగ్వే జనాభా వేయికి కాస్త అటూ ఇటూ. వేసవిలో ఓడలు వరసగా వచ్చిన రోజున అంతకు ఎన్నో రెట్లమంది ఆ వీధుల్లో దిగి, సాయంత్రానికి మళ్ళీ ఓడెక్కి వెళ్ళిపోతారు. ఓడలు రాని చలికాలమంతా ఆ వేయిమంది ఎలా బతుకుతారని అడిగిన వ్యాసం అరుదు. జూనో ఒక రాష్ట్ర రాజధాని. బయటి ప్రపంచం నుంచి అక్కడికి రోడ్డు లేదు. విమానమో, పడవో ఎక్కాలి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే పది పేజీలు రాయవచ్చు. దానికి వ్యాసాల్లో దక్కేది ఒక కుండలీకరణం.

సమయం చాలకపోవడం వల్లే ఈ లోటు అని సర్దిచెప్పేవారున్నారు. రెండు వారాల సెలవు, పిల్లల బడి, ముందే డబ్బు కట్టిన టిక్కెట్లు. అందులో కొంత నిజముంది. అయితే ఆ సమాధానం పూర్తిగా నిలవదని రెండు పుస్తకాలు చెబుతాయి. ఒకటి తెలుగువారికి పరిచితమైనదే. దాని సంగతి తరువాత. రెండవది టోగో దేశస్థుడు టేటే-మిషెల్ క్పొమాసీ ఫ్రెంచిలో రాసిన 'గ్రీన్‌లాండ్‌లో ఒక ఆఫ్రికన్'. 1981లో వెలువడి, ఆ ఏడాదే ఫ్రెంచి సాహిత్య పురస్కారం పొందింది. జేమ్స్ కర్కప్ ఆంగ్లానువాదం 1983లో వచ్చింది.

క్పొమాసీ ఉత్తరానికి వెళ్ళిన కారణం యాత్రాసాహిత్యంలో మరెక్కడా కనబడదు. ధ్రువప్రాంతాలకు వెళ్ళినవారిలో కొందరు జెండా పాతడానికి వెళ్ళారు, కొందరు తిమింగలపు నూనె కోసం, కొందరు అక్కడివారి ఆత్మలను ఉద్ధరించడానికి. క్పొమాసీ పాముల్లేని చోటు వెతుక్కుంటూ వెళ్ళాడు. 1941లో పుట్టిన ఈ కుర్రవాడు పదహారేళ్ళ వయసులో కొబ్బరిచెట్టు మీద కొండచిలువ ఎదురై, కింద పడి మంచం పట్టాడు. తండ్రి అతన్ని అడవిలోని కొండచిలువ దేవత పూజారిణి దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఆమె నయం చేసింది. ప్రతిఫలంగా కుర్రవాడు ఆ దేవత సేవకే అంకితం కావాలంది. నాగులచవితికి పుట్టలో పాలు పోసిన ఇళ్ళలో పెరిగిన పాఠకులకు ఈ అధ్యాయాలు ఏమాత్రం వింతగా తోచవు. భయమూ భక్తీ ఎక్కడ కలుస్తాయో వారికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. కోలుకుంటున్న రోజుల్లో అతనికి లోమే పట్టణంలోని మిషనరీ పుస్తకాల దుకాణంలో గ్రీన్‌లాండ్ నుంచి అలాస్కా దాకా ఉన్న ఎస్కిమోల మీద ఒక పుస్తకం దొరికింది. (ఆ మాట ఇప్పుడు అక్కడివారికి రుచించదు. గ్రీన్‌లాండ్ వాసులు తమను కలాలిట్ అని చెప్పుకుంటారు.) చెట్లు లేవు, పాములు లేవు. కుర్రవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆ పుస్తకం రాసింది రొబేర్ జెసాన్. ఫ్రెంచి వైద్యుడు, మానవశాస్త్రవేత్త. 1934లో తూర్పు గ్రీన్‌లాండ్‌కు వెళ్ళిన బృందంలో ఒకడు. ఒక వైద్యుడు కొలతలతో, పట్టికలతో రాసిన పుస్తకం ఎక్కడో పశ్చిమాఫ్రికాలో రోగశయ్య మీదున్న పిల్లవాడికి దారి చూపింది. పుస్తకాలు ఎవరి చేతికి చేరతాయో రాసినవారికి తెలియదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1958లో ఇల్లు విడిచిన క్పొమాసీ 1965లో గాని గ్రీన్‌లాండ్ నేల మీద కాలు పెట్టలేదు. ఘానా, ఐవరీ కోస్ట్, సెనెగల్, ఆపైన ఫ్రాన్స్, జర్మనీ, డెన్మార్క్. దొరికిన పని చేయడం, డబ్బు కూడబెట్టడం, మరో మజిలీకి సాగడం. ఈ ఏళ్ళను రచయిత తొందరగా దాటేశాడు. అది పుస్తకానికి మేలే చేసింది. ఎటు వెళ్ళాలో అతనికి తెలుసు, చదువరికీ తెలుసు. దక్షిణ గ్రీన్‌లాండ్‌లో అప్పుడు యూలియానెహోబ్ అని పిలిచే రేవులో, ఇప్పటి ఖఖోర్తోక్‌లో ఓడ దిగినప్పుడు అక్కడి జనం అంత నల్లని మనిషిని, అంత పొడగరిని మునుపు చూసి ఉండలేదు. మాటలు ఆగిపోయాయి. కొందరు పిల్లలు తల్లుల వెనక దాక్కున్నారు. చూడడానికి వచ్చినవాడు తానే అందరికీ చూడదగిన వింత అయ్యాడు. ధ్రువయాత్రల పుస్తకాల్లో ఈ తారుమారు అంతకు ముందు లేదు. పుస్తకం బలమంతా ఇక్కడినుంచే మొదలవుతుంది.

అతనికి హోటలు లేదు. ఎవరో ఒకరు పిలిచి ఇంట్లో చోటిచ్చారు. ఆ ఊళ్ళోనే కాదు, పశ్చిమతీరం వెంట ఉత్తరానికి వెళ్ళిన ప్రతిచోటా అదే జరిగింది. ఊరికీ ఊరికీ నడుమ రోడ్లు లేని దేశం. దేశంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు మంచుపలకే. అప్పటి జనాభా నలభై వేల దరిదాపుల్లో. ఇంత చిన్న లోకంలో అతిథి అన్నవాడు గది అద్దెకు తీసుకునేవాడు కాడు, చలికాలం తమతో పంచుకునేవాడు. క్పొమాసీ వాళ్ళతో తిన్నాడు, తాగాడు, వేటకు పోయాడు, కుక్కలబండి నడపడం నేర్చుకున్నాడు. పచ్చి తిమింగలపు చర్మాన్ని కొవ్వుతో సహా తినే మత్తాక్ అనే తిండి రుచి ఎలా ఉంటుందో, గొంతు దిగడానికి ఎంత కష్టపడాలో చెప్పాడు. ఆ చర్మంలో సి విటమిను ఉంటుంది. కూరగాయలు పండని తీరంలో స్కర్వీ రాకుండా జనం బతకడానికి అదొక కారణం. 1970లో బాంగ్, డైయర్‌బెర్గ్ అనే డేనిష్ వైద్యులు ఇదే పశ్చిమతీరంలోని ఊమనాక్ ప్రాంతానికి వెళ్ళి రక్తనమూనాలు సేకరించారు. చేపనూనెకూ గుండెజబ్బుకూ సంబంధం గురించిన నమ్మకం అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. ఆ తీరవాసుల్లో గుండెజబ్బు నిజంగా తక్కువేనా అని తరువాతి పరిశోధకులు సందేహించారు. ఆ చర్చ సాగుతూనే ఉంది. ఆ తిండి ఏ ఇంట్లో, ఎవరి చేతి మీదుగా, ఏ మాటల మధ్య వడ్డన అయ్యేదో వైద్యపత్రికలు చెప్పవు. అందుకు క్పొమాసీ దగ్గరకే వెళ్ళాలి.

అలాగని ఇతడు మచ్చలేని సాక్షి కాడు. పుస్తకంలో అన్నిటికంటే ఇబ్బంది కలిగించేవి దక్షిణ గ్రీన్‌లాండ్ పేజీలు. సీల్ వేటగాళ్ళను, కయాకులను, కుక్కలబండ్లను ఊహించుకుని వచ్చినవాడికి అక్కడ కాడ్ చేపల కర్మాగారాలు, డేనిష్ జీతాలు, గొర్రెల పెంపకం కనబడ్డాయి. పశ్చిమతీరంలో బండి లాగే కుక్కలు ఆర్కిటిక్ వలయానికి పైనే ఉంటాయి; దక్షిణాన లేవు. 1953లో గ్రీన్‌లాండ్ వలస హోదా పోయి డెన్మార్క్‌లో ఒక జిల్లా అయ్యాక, చిన్న పల్లెలను ఖాళీ చేయించి జనాన్ని పట్టణాలకు చేర్చే విధానం నడుస్తున్న కాలమది. తరతరాల వేటగాళ్ళు కొద్ది ఏళ్ళలో కూలీలయ్యారు. తాగుడు ఆ మార్పు వెంటే వచ్చింది. క్పొమాసీ ఆ తాగుడును దాపరికం లేకుండా రాశాడు గాని, వెనకనున్న కారణాన్ని అంత ఓపికగా రాయలేదు. పుస్తకంలో చూసిన బొమ్మలా వీళ్ళు లేరే అన్న నిరాశ అతని వాక్యాల్లో వినబడుతుంది. ఓడ రేవులో దిగి ఇగ్లూలు ఎక్కడని అడిగే యాత్రికుడి నిరాశకూ దీనికీ పెద్ద తేడా లేదు. స్త్రీల గురించి రాసిన చోట్ల కూడా తొందరపాటు తీర్పులున్నాయి. నెలల తరబడి వ్యవధి ఉన్నా చూపు కుదురుకోవడానికి సమయం పట్టిందన్నమాట. ఆ కుదురు ఉత్తరాన, డెబ్భై రెండు డిగ్రీల అక్షాంశం దాటాక ఉండే ఉపెర్నవిక్ చేరాక వచ్చింది.

అక్కడ ఒక వృద్ధుడి ఇంట్లో అతను ఉన్నాడు. పచ్చికగడ్డలు పేర్చి కట్టిన ఇల్లు. లోపలి గోడలకు ఏళ్ళ తరబడి పత్రికల కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉన్నాయి. ఆ ముసలాయనకు అదే గ్రంథాలయం. ధ్రువరాత్రిలో, సూర్యుడు వారాల తరబడి కనబడని చోట, ప్రపంచంలో ఎక్కడ ఏమవుతోందో ఆ గోడలు చదివి తెలుసుకున్న మనిషి ఆఫ్రికా నుంచి వచ్చిన కుర్రవాడితో లోకం సంగతులు మాట్లాడతాడు. దక్షిణాన చిటపటలాడిన రచయిత ఇక్కడ నెమ్మదించాడు. ఇంట్లోని పేదరికాన్ని, మురికిని, వాసనను దాచలేదు. వాటితో ఆ మనిషిని కొలవనూ లేదు. మొత్తం పుస్తకంలో మంచుకొండల వర్ణనలు ఎన్నో ఉన్నాయి. చదివి మూసిన తరువాత వాటిలో ఒక్కటీ గుర్తుండదు. ఈ గోడ గుర్తుంటుంది.

ఇక తెలుగువారికి తెలిసిన పుస్తకం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి ఉత్తరానికి బయలుదేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి వచ్చాడు. పదిహేను నెలల పైచిలుకు; క్పొమాసీ గ్రీన్‌లాండ్‌లో గడిపిన కాలం కూడా దాదాపు అంతే. పోలిక అక్కడితో సరి. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, సంపన్నుడు. వెంట వందమంది దాకా పరివారం, పల్లకీ, గుడారాలు. ఎవరి గుమ్మం ముందూ చోటు కోసం నిలబడనక్కరలేని మనిషి. చాలా ఊళ్ళలో అతనున్నది ఒక్క పూటో, ఒక్క రాత్రో. అయినా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసి పంపిన కాశీయాత్ర చరిత్రలో ప్రతి మజిలీకీ ఒక ముఖముంది: నీళ్ళు మంచివా, అంగళ్ళున్నాయా, సత్రం ఉందా, దారి రాతిదా ఇసుకదా, బోయీలు నడవగలరా, ఆ ఊరు ఎవరి ఏలుబడిలో ఉంది. తన వెనక వచ్చేవాడికి పనికిరావాలన్న తలంపుతో రాసినందువల్ల ఊళ్ళు వాటంతట అవే పుస్తకంలోకి నడిచివచ్చాయి. పుస్తకం 1838లో, ఆయన పోయాక, అచ్చయింది. డబ్బున్నవాడి ప్రయాణంలో ఊళ్ళు కనబడవన్న వాదన కూడా దీనితో చెల్లదు.

మరి నేటి తెలుగు యాత్రికుడికి అడ్డం వస్తున్నదేమిటి? అతని వ్యాసంలో ఊరు లేకపోవడానికి ముందు అతనే లేడు. ఉత్తర మిన్నెసోటాలోనో, మెయిన్ రాష్ట్రపు కొసనో దారిపక్క భోజనశాలలోకి ఒక తెలుగు కుటుంబం అడుగు పెట్టినప్పుడు తలలు తిరుగుతాయి. ఎక్కడి నుంచి వచ్చారన్న ప్రశ్న వస్తుంది. అమెరికాలోని ఊరి పేరు చెబితే, అసలు ఎక్కడి నుంచి అన్న రెండో ప్రశ్న వస్తుంది. అడిగినవారిలో మంచితనం ఉండవచ్చు, లేకపోవచ్చు. చీర కట్టుకున్న అమ్మమ్మ కోసం ఎవరో కుర్చీ జరిపి ఉండవచ్చు. ఇదంతా జరుగుతుంది, ఇంటికొచ్చాక ఫోనులో చెప్పుకుంటారు కూడా. వ్యాసంలోకి మాత్రం రానివ్వరు. వ్యాసంలోకి వచ్చేది జలపాతం. తనను ఎలా చూశారో రాయడానికి క్పొమాసీ సిగ్గుపడలేదు. తెలుగు ప్రవాసి దాన్ని చిన్నతనంగా భావిస్తాడో, ఫిర్యాదులా వినిపిస్తుందని జంకుతాడో గాని, ప్రయాణంలోని సారమంతా అక్కడే వదిలేస్తాడు.

విచిత్రమేమిటంటే, ఉత్తరాది మారుమూల ఊళ్ళలో ఏళ్ళ తరబడి నిజంగా కాపురం చేసిన తెలుగువారు ఉన్నారు, వారు యాత్రికులు కారు. అమెరికాలో జె-1 వీసా మీద శిక్షణ పొందిన విదేశీ వైద్యులు రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళి రావాలన్న నిబంధన నుంచి మినహాయింపు కావాలంటే, వైద్యులు చాలని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయాలి. 1994లో మొదలైన ఈ పథకం కింద ఇప్పుడు ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మంది దాకా తీసుకోవచ్చు. అలా డకోటాల్లోని గోధుమ ఊళ్ళకు, మిషిగన్ ఎగువ ద్వీపకల్పపు గని ఊళ్ళకు, మెయిన్ అడవుల అంచులకు తెలుగు వైద్యులు వెళ్ళారు. మంచు తుఫాను రాత్రి హెలికాప్టరు ఎగరదని తెలిసి గుండెనొప్పితో వచ్చిన రైతు పక్కన తెల్లవార్లూ కూర్చున్నవారు, ఆ రైతు అంత్యక్రియలకు వెళ్ళి చర్చి వెనక వరుసలో నిలబడినవారు వారిలో ఉన్నారు. క్పొమాసీ ఇల్లిల్లూ తిరిగి సంపాదించిన ప్రవేశం వారికి ఉద్యోగరీత్యా దక్కింది. రాసినవారు మాత్రం వేళ్ళ మీద లెక్కించేటంత మంది కూడా కనబడరు.

దీనికి వారు చెప్పే కారణం రోగుల గోప్యత. అది సాకు కాదు. ఎనిమిది వందల మంది ఉన్న ఊళ్ళో పేరు మార్చినా, వయసు మార్చినా, ఎడమకాలు కుడికాలు చేసినా, ఎవరి గురించి రాశారో ఊరికి తెలిసిపోతుంది. అయితే గోప్యత ఆసుపత్రి తలుపుకు లోపలిది. తపాలా కార్యాలయం బయటిది. మూడేళ్ళూ ఒక్క కూరగాయల కొట్టులో పచ్చిమిరపకాయలు తెప్పించమని అడిగిన వైనం, అవి వచ్చిన రోజు కొట్టువాడు ఫోను చేసిన వైనం బయటివి. ఇంటి ముందు మంచు ఎత్తకపోతే పక్కింటివాడు చెప్పకుండానే ఎత్తి వెళ్ళిపోవడం, దానికి బదులు ఏమివ్వాలో తెలియక ఆవిడ పులిహోర చేసి పంపడం, వాళ్ళు ఆ గిన్నెను ఏదో ఒకటి నింపి తిరిగి ఇవ్వడం, ఇవేవీ ఏ రోగి కాగితాల్లోనూ ఉండవు. వీసా మినహాయింపు గడువు ముగిసి, కుటుంబం డల్లాస్‌కో, న్యూజెర్సీకో సామాను సర్దుకునే వారంలో ఆ ఊరు ఏమందో, ఆ వైద్యుడికి ఏమనిపించిందో చెప్పిన తెలుగు పుస్తకం ఇంకా రావలసి ఉంది. అలాస్కా ఓడ మీద తెలుగులో మరో వ్యాసం ఈ వేసవిలో ఎలాగూ వస్తుంది.